ఉద్యోగ విరమణ ముంగిట అదనపు ఆరోగ్య బీమా: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం

ప్రభుత్వమో యాజమాన్యమో కల్పించే వైద్య రక్షణకు తోడుగా, అది వదిలేసిన ఖర్చుల కోసం సొంత డబ్బుతో తీసుకునే పాలసీని అదనపు ఆరోగ్య బీమా అంటారు. టాప్-అప్, సూపర్ టాప్-అప్, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు రోజుకింత ఇచ్చే పాలసీ, తీవ్ర వ్యాధుల పాలసీ, వృద్ధుల ప్రత్యేక పాలసీ ఈ కోవలోకి వస్తాయి. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో ఈ ఎంపిక అందరికీ ఒకే తీరుగా ఉండదు. ఇక్కడ ఒకే వీధిలో సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడు, ఆర్టీసీ డ్రైవరు, బడిపంతులు, పత్తి రైతు, కిరాణా కొట్టు యజమాని పక్కపక్కనే ఉంటారు. అరవయ్యో ఏట ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కార్డు ఉంటుంది, కొందరికి ఏ కార్డూ ఉండదు. అందుచేత ఏ కంపెనీ పాలసీ మంచిదన్న ప్రశ్న తర్వాతి మాట. ఉన్న కార్డు ఏ తేదీతో ఆగిపోతుంది, ఇంకో కార్డు ఏ తేదీన మొదలవుతుంది అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఏళ్ల కోసమే ముఖ్యంగా అదనపు పాలసీ కావాలి.

ప్రాంతం, ఆసుపత్రి దారి

పాత కృష్ణా జిల్లాలో డెల్టాకు ఎగువనున్న మెట్ట ఇది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పత్తి, మిర్చి ఇక్కడి ప్రధాన పంటలు. కృష్ణా ఒడ్డున సున్నపురాయి నిల్వలు ఉండటంతో జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు పరిశ్రమ పెరిగింది. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ, బూదవాడలో అల్ట్రాటెక్ కర్మాగారాలున్నాయి. 1980లలో, 90లలో ఈ ప్రాంతపు పరిశ్రమలో చేరిన తరం ఇప్పుడు విరమణ వయసుకు వచ్చింది, కొందరు దాటేశారు కూడా.

జ్వరానికీ, కాన్పుకీ, చిన్న శస్త్రచికిత్సకీ జగ్గయ్యపేట, నందిగామల్లోని ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రైవేటు నర్సింగ్ హోములు సరిపోతాయి. గుండెకు స్టెంటు వేయాలన్నా, మోకీలు మార్చాలన్నా, క్యాన్సర్‌కు మందు ఎక్కించాలన్నా హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి 65 ఎక్కాల్సిందే. నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి సుమారు 80. మంగళగిరి ఎయిమ్స్‌కు ఇంకొంచెం ముందుకు వెళ్లాలి. జగ్గయ్యపేట వాళ్లకు కోదాడ, ఖమ్మం కూడా చేరువే, కానీ గరికపాడు దాటితే తెలంగాణ. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక ఆ సరిహద్దు గీత బస్సు ప్రయాణానికి అడ్డు రాలేదు కానీ ఆరోగ్య కార్డుకు అడ్డొచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం అవతల అన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లదు. 2019 నవంబరు 1 నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాల్లో ఎంపిక చేసిన ఆసుపత్రులకు, ఎంపిక చేసిన పెద్ద చికిత్సలకు మాత్రమే ఆ పథకాన్ని విస్తరించారు. ప్రైవేటు పాలసీకి రాష్ట్ర సరిహద్దు లేదు. సరిహద్దు ఊళ్లలో అదనపు పాలసీకి ఉన్న మొదటి విలువ ఇదే. దీన్ని ఏజెంట్లు చెప్పగా వినడం అరుదు.

ఎవరికి ఏ మూల రక్షణ

ఈ ప్రాంతంలో ఎక్కువ మందికి ఆధారం రాష్ట్ర ప్రభుత్వ పథకమే. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీగా ప్రారంభించింది. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పేర్లు మారినా జనం నోట అది ఇంకా ఆరోగ్యశ్రీయే. మొదట కుటుంబానికి ఏటా 2 లక్షల రూపాయల దాకా ఉన్న పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. జాబితాలో మూడు వేలకు పైగా చికిత్సలున్నాయి. 2019లో ఆదాయ పరిమితిని ఏడాదికి 5 లక్షలకు పెంచారు. భూమి విషయంలో 12 ఎకరాల లోపు మాగాణి లేదా 35 ఎకరాల లోపు మెట్ట ఉన్న కుటుంబాలను అర్హుల్లో చేర్చారు. దాంతో ఈ మెట్టలోని రైతుల్లో అత్యధికులు పథకంలోకి వచ్చారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి కుటుంబానికీ ఏటా 2.5 లక్షల దాకా బీమా సంస్థల ద్వారా, పేదలకు ఆపై 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా వైద్యం అందించే సార్వత్రిక విధానానికి ఆమోదం తెలిపింది.

ఇంత పెద్ద రక్షణ ఉండగా ఇంకో పాలసీ ఎందుకని అడిగేవారికి రెండు జవాబులున్నాయి. పథకం జబ్బుకు కాదు, జాబితాలోని చికిత్సకు వర్తిస్తుంది. జాబితాలో లేని చికిత్సకు 25 లక్షల పరిమితి అక్కరకు రాదు. రెండోది బకాయిల సమస్య. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము పేరుకుపోయిందంటూ నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం 2024లోనూ, 2025 అక్టోబరులోనూ సేవలు నిలిపివేసింది. ఆ రోజుల్లో ఆపరేషన్ పడ్డ వృద్ధుడికి చేతిలో కార్డు ఉండీ లేనట్టే. పథకం పేదవాడి ప్రాణం నిలబెట్టిన మాట నిజం. దాని విలువను తగ్గించి పాలసీ అమ్మే ఏజెంటు మాట నమ్మకూడదు. అయితే కొనగల శక్తి ఉన్నవాడు దాని ఒక్కదానిమీదే భారం వేయకుండా ఉంటే మేలు.

ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ దారి వేరు. 1972 నాటి సమగ్ర వైద్య నిబంధనల కింద ముందు సొంతంగా ఖర్చుపెట్టి, బిల్లులు పెట్టి తిరిగి రాబట్టుకునే పద్ధతి ఉండేది. 2013 డిసెంబరులో ఉద్యోగుల ఆరోగ్య పథకం వచ్చింది. మొదట జీతాన్నిబట్టి నెలకు 90 లేదా 120 రూపాయలు కోసేవారు, తర్వాత పెంచారు. ఈ రక్షణ విరమణతో ఆగదు, పెన్షనరుకూ జీవిత భాగస్వామికీ కొనసాగుతుంది. రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కు పెరిగింది. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఈ వర్గానికి కావలసింది పూర్తి పాలసీ కాదు. ఆరోగ్య పథకం కార్డును ఆసుపత్రి తీసుకోని రోజు కోసమూ, ప్యాకేజీకి మించిన వైద్యం కోసమూ ఒక మోస్తరు పాలసీ చాలు. ఏటా పాతిక, ముప్పై వేలు పోసి పెద్ద పాలసీ తీసుకునే పంతుళ్లలో చాలామంది అవసరానికి మించి కడుతున్నారనే చెప్పాలి.

సిమెంటు కార్మికుడి పరిస్థితి అన్నింటికన్నా చిక్కైనది. ఇతని రక్షణ రెండు రకాలు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ. ఈ పరిమితి 2017 జనవరి 1 నుంచి ఉంది. జీతంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యాజమాన్యం కడతారు. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కనీసం ఐదేళ్లు బీమా చందా కట్టి పదవీ విరమణ చేసినవాడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భార్యకూ వైద్యం కొనసాగుతుంది. ఇది చాలామందికి తెలియదు. విరమణ రోజున శాలువా కప్పి, ఫొటో తీసి పంపించే యాజమాన్యం ఈ 120 రూపాయల కాగితం కూడా చేతిలో పెడితే ఎంతో ఉపకారం. జీతం ఆ పరిమితి దాటినవారికి సాధారణంగా ఉండేది కంపెనీ గ్రూపు బీమా. ఉద్యోగం ఉన్నంతకాలం పాత జబ్బులకూ వర్తిస్తుంది, వెయిటింగ్ (క్లెయిము దక్కని నిరీక్షణ కాలం) ఉండదు, నర్సు దగ్గర కార్డు చూపితే పని జరిగిపోతుంది. 58వ ఏటో 60వ ఏటో ఆఖరి రోజున అదీ ఆఖరవుతుంది. జీతం పెరిగి ఈఎస్ఐ నుంచి బయటపడ్డ కార్మికుడికే విరమణ తర్వాత రక్షణ తగ్గిపోవడం ఇక్కడి వింత అన్యాయం.

కొట్టు నడిపేవారు, మిర్చి కమీషన్ వ్యాపారులు, చిన్న లారీల యజమానులు ఈ పథకాల మధ్య సందులో ఉంటారు. వీళ్లకు విరమణ తేదీ అంటూ లేదు, కాబట్టి ఆరోగ్య బీమా గురించి ఆలోచించే తేదీ కూడా రాదు. గుండెనొప్పి వచ్చిన తర్వాత గుర్తుకొస్తుంది, అప్పటికి ఏ కంపెనీ కూడా సులువుగా తీసుకోదు.

మాజీ సైనికులకు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్, రైల్వే విశ్రాంత ఉద్యోగులకు రైల్వే వైద్య పథకం ఉన్నాయి. బ్యాంకు విశ్రాంత ఉద్యోగులకు 2015 నుంచి బ్యాంకుల సంఘం కుదిర్చిన గ్రూపు పాలసీ ఉంది. దాని ప్రీమియం ఏటికేడు పెరిగి పెన్షనర్లను బాగా ఇబ్బంది పెట్టింది.

యాభై ఎనిమిది నుంచి డెబ్బై దాకా

2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం 70 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, ఆదాయంతో పనిలేకుండా, ఇంటికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆయుష్మాన్ భారత్ రక్షణ ఇచ్చింది. దీనికి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవాలి. ఆధార్‌లో నమోదైన వయసే లెక్క. ఇంట్లో ఇప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ ఇంటి 70 దాటినవారికి వేరుగా మరో 5 లక్షలు వస్తాయి. ప్రైవేటు బీమా ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా అర్హతకు అడ్డుకాదు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం), ఈసీహెచ్ఎస్ వంటివి ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఈ కార్డుతో ఎంపిక లెక్క మారిపోయింది. ఫ్యాక్టరీ రక్షణ 58లో ఆగితే, వయ వందన 70లో మొదలైతే, మధ్యలో పన్నెండేళ్లు మిగులుతాయి. షుగరూ బీపీ ముదిరేది, మోకాళ్లు అరిగేది, గుండె రక్తనాళాలు పూడుకునేది సరిగ్గా ఆ పన్నెండేళ్లలోనే. ఆదాయం పడిపోయేదీ అప్పుడే. ఉద్యోగుల పెన్షన్ పథకం 1995 కింద కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. 2014లో నిర్ణయించిన మొత్తం అది. అరవై దాటిన దంపతులకు 5 లక్షల పాలసీ ప్రీమియమేమో ఏడాదికి పదుల వేలల్లో ఉంటుంది. పెన్షన్ మొత్తం పోసినా ప్రీమియానికి చాలదు. ఈ ఖర్చు విరమణ నాడు చేతికొచ్చే గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్ములోంచి రావలసిందే. కూతురి పెళ్లికో ఇంటి పైకప్పుకో ఆ డబ్బు పంచేసే ముందు ఆ పన్నెండేళ్ల ప్రీమియం పక్కన పెట్టుకోవడం మంచిది. పోస్టాఫీసు వృద్ధుల పొదుపు పథకంలో ఆ వాటాను వేసి, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీని ప్రీమియానికి కేటాయించేవారున్నారు. అది తెలివైన పద్ధతి.

పాలసీ ఎప్పుడు కొనాలన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. ముందునుంచే ఉన్న జబ్బులకు కంపెనీలు వెయిటింగ్ పెట్టవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని గరిష్ఠ పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి వంటి పేర్కొన్న చికిత్సలకూ విడిగా వెయిటింగ్ ఉంటుంది. 58లో దిగిపోయేవాడు 58లో పాలసీ తీసుకుంటే 61 దాకా షుగర్ సంబంధమైన క్లెయిము దక్కకపోవచ్చు. అదే 55లో తీసుకుంటే ఆ మూడేళ్లూ కంపెనీ కార్డు నీడలో గడిచిపోతాయి, విరమణ నాటికి పాలసీ పూర్తిగా అక్కరకొస్తుంది. రెండు రక్షణలు ఒకేసారి ఎందుకని మూడేళ్ల ప్రీమియం చూసి వెనకాడేవారు చాలామంది. అయితే ఆ డబ్బుతో వాళ్లు కొంటున్నది విరమణ తర్వాతి మొదటి మూడేళ్ల నిశ్చింత.

55 దాటిపోయినవారికి మరో దారి ఉంది. గ్రూపు పాలసీ నుంచి బయటికి వచ్చే ఉద్యోగి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారవచ్చు. గ్రూపులో గడిచిన కాలం వెయిటింగ్‌లో జమ పడుతుంది. ఆరోగ్య పరీక్షలు అడగవచ్చు, కొత్త ప్రీమియం వయసును బట్టి ఉంటుంది, అయినా బయటినుంచి కొత్తగా వచ్చేవాడికంటే స్థితి మెరుగు. దీనికి ఫ్యాక్టరీ పర్సనల్ విభాగం నుంచి గ్రూపు పాలసీ నంబరు, సభ్యత్వ కాలం ధ్రువపత్రం తీసుకోవాలి. ఆఖరి రోజు తర్వాత ఆ కాగితం సంపాదించడం కష్టం.

అమెరికాలో ఈ సమస్యను చట్టమే కొంత సర్దింది. 1965లో ఏర్పడిన మెడికేర్ 65 ఏళ్లవారికి మూల రక్షణ. డాక్టరు ఖర్చుల్లో సాధారణంగా 80 శాతం అది భరిస్తుంది. మిగిలింది భరించే అదనపు పాలసీలను మెడిగ్యాప్ అంటారు. డాక్టరు ఖర్చుల విభాగమైన పార్ట్-బిలో చేరిన మొదటి ఆరు నెలల్లో మెడిగ్యాప్ అడిగితే, జబ్బులున్నా సరే కంపెనీ కాదనడానికి వీల్లేదు. మన దేశంలో వృద్ధాప్యపు గడపలో అలాంటి గడువేదీ లేదు. గ్రూపు నుంచి వ్యక్తిగత పాలసీకి మారే ఆ ఒక్క అవకాశమే దానికి కాస్త దగ్గరగా ఉంది. దాన్నీ వదులుకుంటే మిగిలేది కంపెనీ దయ.

పాలసీల తీరు

ఈ ప్రాంతంలో కనబడే పెద్ద అపోహ జీవిత బీమాకు సంబంధించినది. ఎల్ఐసీ ఏజెంటు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, పాలసీ బాండు ప్రతి బీరువాలోనూ ఉంటుంది. అది మనిషి పోయాక ఇంటికొచ్చే డబ్బో, గడువు తీరాక చేతికొచ్చే డబ్బో. ఆసుపత్రి బిల్లు కట్టదు. ఎల్ఐసీ 2021లో తెచ్చిన ఆరోగ్య రక్షక్ వంటి పథకాలు కూడా బిల్లు మొత్తం భరించేవి కావు, రోజుకింత అనీ ఆపరేషన్‌కింత అనీ ముందే నిర్ణయించిన సొమ్ము ఇచ్చేవి. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో మరణానికీ అంగవైకల్యానికీ మాత్రమే. బ్యాంకులో బీమా ఉందని చెప్పి, గుండె ఆపరేషన్‌కు పాస్‌బుక్ పట్టుకొచ్చేవారి నిరాశకు కారణం ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడం.

రోజుకింత ఇచ్చే పాలసీ మూల రక్షణ ఉన్నవారికి తోడుగా బాగుంటుంది. వైద్యం ఆరోగ్యశ్రీలో ఉచితంగా జరిగినా, తోడున్నవాళ్లకు విజయవాడలో తిండి, బస, బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. అలాంటి ఇంటికి రోజుకు వెయ్యో రెండు వేలో వచ్చే నగదు ఆసరా.

టాప్-అప్, సూపర్ టాప్-అప్‌ల సంగతి జాగ్రత్తగా చూడాలి. రెండింటిలోనూ ఒక డిడక్టబుల్ ఉంటుంది, అంతదాకా అయ్యే ఖర్చు కంపెనీది కాదు. టాప్-అప్‌లో ఒక్కోసారి ఆసుపత్రిలో చేరిన బిల్లు విడిగా ఆ గీత దాటాలి. సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తం బిల్లులు కలిపి దాటితే చాలు. డిడక్టబుల్ 3 లక్షలు అనుకుందాం. ఏడాదిలో రెండుసార్లు చేరి రెండేసి లక్షలు అయితే టాప్-అప్ ఒక్క రూపాయీ ఇవ్వదు, సూపర్ టాప్-అప్ లక్ష ఇస్తుంది. వృద్ధులు ఆసుపత్రికి ఒకసారి కాదు, మళ్లీమళ్లీ వెళ్తారు. కాబట్టి కొంటే సూపర్ టాప్-అప్పే కొనాలి. గీత ఎక్కువ ఎత్తులో ఉన్నందున ప్రీమియం తక్కువ. బ్యాంకులో 3 లక్షలు ఆసుపత్రి కోసమే ఉంచుకోగలిగిన చిల్లర వర్తకుడికి, మూల పాలసీ లేకున్నా, ఇది చవకైన మార్గం.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రభుత్వ పథకం కింద చేరిన రోగికి ఆసుపత్రి నిర్ణీత ప్యాకేజీ మీద వైద్యం చేస్తుంది, రోగికి అదనపు బిల్లు వేయకూడదు. కాబట్టి ఒకే చేరికలో సగం ఆరోగ్యశ్రీ, సగం సూపర్ టాప్-అప్ అని పంచుకోవడం మామూలుగా కుదరదు. చేరేటప్పుడే పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలా, బీమా డెస్కు దగ్గరికి వెళ్లాలా అన్నది తేల్చుకోవాలి. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి పైన సూపర్ టాప్-అప్ చాలు అనే సలహా కాగితంమీద బాగుంటుంది. అమలు గురించి కంపెనీ నుంచి రాతపూర్వక సమాధానం తీసుకోకుండా దాన్ని నమ్మకూడదు.

పూర్తి పాలసీ కావలసినవారికి పోలికకు కొలబద్దగా ఆరోగ్య సంజీవని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. ప్రతి క్లెయిములో 5 శాతం మనమే భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం దాకా, రోజుకు 5,000 మించకుండా ఇస్తారు. ఐసీయూకు 5 శాతం, 10,000 మించకుండా. శుక్లం ఆపరేషన్‌కు కంటికి 40,000 లేదా బీమా మొత్తంలో పాతిక శాతం, ఏది తక్కువైతే అది. షరతులు అన్నిచోట్లా ఒకటే కాబట్టి తేడా ప్రీమియంలోనూ సేవలోనూ మాత్రమే. ఏజెంటు చూపించే ఏ వృద్ధుల పాలసీనైనా దీని పక్కన పెట్టి చదివితే దాని బలం, లోపం తేటపడతాయి. వృద్ధుల ప్రత్యేక పాలసీలు కొన్నింటిలో మనం భరించాల్సిన ఈ వాటా (కో-పే) 20, 30 శాతం దాకా ఉంటుంది. 4 లక్షల బిల్లులో 30 శాతం అంటే లక్షా ఇరవై వేలు ఇంటినుంచి తేవాలి.

చదవవలసిన షరతులు

గది అద్దె పరిమితి చిన్న విషయంగా కనిపిస్తుంది, బిల్లు వచ్చాక దాని బరువు తెలుస్తుంది. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 8,000 గదిలో చేరితే, తేడా మూడు వేలే కట్టాల్సి వస్తుందని అనుకుంటారు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటి ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. మందులకు, శరీరంలో అమర్చే పరికరాలకు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదని ఐఆర్‌డీఏఐ నియమం. విజయవాడ పెద్ద ఆసుపత్రుల్లో గది అద్దె ముందే కనుక్కుని, దానికి సరిపోయే పాలసీ తీసుకోవాలి.

దగ్గర్లోని నర్సింగ్ హోము గురించి కూడా ఒక మాట. పాలసీ దృష్టిలో ఆసుపత్రి అంటే చట్ట ప్రకారం నమోదైనదై ఉండాలి, లేదంటే 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్లు అర్హులైన నర్సులు, డాక్టర్లు, సొంత ఆపరేషన్ థియేటరు ఉండాలి. చిన్న క్లినిక్‌లో రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుని బిల్లు పంపితే తిరస్కరించేది ఇందుకే. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనైనా ముందే తెలియజేస్తే క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటు 2024 జనవరిలో సాధారణ బీమా సంస్థల మండలి ప్రకటించింది. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు చెప్పాలి. అదే ఏడాది మే నెల ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ప్రతిపాదన పత్రం. ఏజెంటు అన్ని గళ్లలోనూ ‘లేదు’ అని టిక్కు పెట్టి సంతకం అడుగుతాడు. షుగర్ ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందనో పాలసీ రాదనో భయపెడతాడు. దాచిన షుగరు పదేళ్ల పాత మందుల చీటీలోంచి బయటపడుతుంది, క్లెయిము పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాసి మూడేళ్లు ఆగినవాడికి ఆ భయం లేదు. వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదు. ఈ గడువు ఇదివరకు ఎనిమిదేళ్లు ఉండేది. పాలసీ కాగితాలు చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. ఆ నెల రోజుల్లో ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ప్రతిపాదన పత్రం నకలు ఒకసారి చదివి, తప్పు టిక్కులుంటే రాతపూర్వకంగా సరిచేయించాలి. ఈ ఒక్క పని మిగతా సలహాలన్నింటికన్నా ఎక్కువ డబ్బు కాపాడుతుంది.

ప్రీమియం విషయంలో ఈమధ్య కొంత ఊరట దక్కింది. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వకపోవడానికి వీలు కల్పించిన వయోపరిమితిని 2024లో తొలగించారు. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని 2025 జనవరి 30న ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పోయింది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి వృద్ధుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు ఉంది. కొత్త పద్ధతిలో అది లేదు.

పిల్లల కంపెనీ బీమా

ఈ ఊళ్లనుంచి హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లిన పిల్లలు తమ గ్రూపు బీమాలో తల్లిదండ్రులను చేరుస్తున్నారు. వెయిటింగ్ లేకుండా పాత జబ్బులకు వర్తించే ఈ రక్షణ నిజంగా మేలైనది. కాకపోతే అది కొడుకు ఉద్యోగానికి కట్టిన ముడి. ఉద్యోగం మారినా, పోయినా, కంపెనీ తల్లిదండ్రుల విభాగాన్ని తీసేసినా అమ్మానాన్నల రక్షణ ఆ రోజుతో సరి. దాన్ని మూల రక్షణగా వాడుకుంటూ, తల్లిదండ్రుల పేరున సొంతంగా ఒక సూపర్ టాప్-అప్ నడుపుతూ వెయిటింగ్ గడిపేయడం సరైన అమరిక. కోడలి ప్రసవానికో మనవరాలి పుట్టినరోజుకో అమెరికా వెళ్లేవారు ఇక్కడి మామూలు పాలసీ అక్కడ చెల్లదని గుర్తుంచుకోవాలి. ప్రయాణ బీమా విడిగా తీసుకోవాలి. అందులో పాత జబ్బుల షరతును మరింత శ్రద్ధగా చదవాలి. గ్రీన్ కార్డు మీద వెళ్లి స్థిరపడ్డ తల్లిదండ్రులకు సాధారణంగా ఐదేళ్లు వరుసగా నివసించాకే మెడికేర్‌ను డబ్బు కట్టి తీసుకునే అర్హత వస్తుంది.

క్లెయిము తిరస్కరిస్తే

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 2023 నుంచి 50 లక్షల రూపాయల దాకా వివాదాలు విచారిస్తారు. తిరస్కరణ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, పాలసీ, ప్రతిపాదన పత్రం నకళ్లు జతచేస్తే చాలు. డిశ్చార్జి సమ్మరీలో ‘పదేళ్లుగా షుగర్’ అని డ్యూటీ డాక్టరు ఎవరినో అడిగి రాసిన ఒక్క వాక్యం మీద ఎన్నో క్లెయిములు పోతాయి. ఆసుపత్రి వదిలే ముందే ఆ కాగితం చదివి, తప్పుంటే దిద్దించుకోవాలి. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. ఫిర్యాదుదారుకు అది నచ్చకపోతే విజయవాడలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది.